ఏ సిద్ధాంతం చదివితే అదే నిజమనిపిస్తోంది, నాన్నతో మాత్రం మాటల్లేవు

ఈ వారం ఉత్తరం బాగా పెద్దది. పేరు వద్దన్నారు కాబట్టి అవసరమైనంతవరకే చెప్తాను. రాసినావిడకి పాతికేళ్లు. సొంతూరు కృష్ణా డెల్టాలో. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి సివిల్స్‌కి చదువుతున్నారు, ఆప్షనల్ సోషియాలజీ. ఇంట్లో అక్క, ఈవిడ, తమ్ముడు. నాన్నగారికి మూడెకరాల మాగాణి ఉంది. అక్కకి సంబంధం కుదిరింది, అబ్బాయిది ప్రభుత్వోద్యోగం, కట్నం కోసం నాన్నగారు ఒక ఎకరం బేరానికి పెట్టారు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు, అప్పుడే మార్క్స్ చదివిన ఊపులో, ఈవిడ "ఇది దోపిడీ, మీరు దానికి కొమ్ముకాస్తున్నారు" అనేశారు. ఆయన "పద్ధతంటూ ఒకటి లేకపోతే ఇళ్లు నిలబడవమ్మా, మీ పుస్తకాల్లో నేనేమన్నా దొంగనా?" అన్నారట. అప్పట్నుంచి తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు, కబుర్లన్నీ అమ్మ ద్వారానే. అక్కది ఇంకో మాట: "పొలం ఎటూ తమ్ముడికే పోతుంది. నాకొచ్చేదల్లా ఈ కట్నమే. నీ సిద్ధాంతం కోసం నా వాటా నేనెందుకు వదులుకోవాలి?"

హాస్టల్‌కి తిరిగొచ్చి ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ చదివితే నాన్న చెప్పిందే నిజమనిపించిందట, జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ చదివితే అక్క చెప్పింది. స్టడీ గ్రూపులో మార్క్సిస్టు స్నేహితుడొకడు "మధ్యలో నిలబడటమంటే బలవంతుడి పక్కన నిలబడటమే" అంటున్నాడు. టెస్ట్ సిరీస్ పేపర్ల మీదేమో "అన్నీ రాశావు, నీ స్టాండ్ ఏది?" అని ఎర్ర ఇంకుతో రాసిస్తున్నారు. వచ్చే నెల తాంబూలాలు. ఏ సిద్ధాంతం కరెక్టు, నేను పిరికిదాన్నా, ఇంటికెళ్లి ఏం చెయ్యాలి అని అడిగారు.

మీరు మూడు వేరువేరు ప్రశ్నల్ని ఒకటే అనుకుని టెన్షన్ పడుతున్నారు. సమాజం ఎలా నడుస్తుంది అనేది ఒకటి, పరీక్షలో ఏం రాయాలి అనేది ఇంకోటి, మీ అక్క పెళ్లి మూడోది. మొదటిదానికి జవాబు దొరికితే మిగతా రెండూ వాటంతటవే తేలిపోతాయని మీ ఆశ. తేలవు. లక్షల ఇళ్లల్లో ఒకేలా జరిగేది ఎందుకు జరుగుతోందో చెప్పడానికి ఈ పెద్ద సిద్ధాంతాలు పుట్టాయి, ఫలానా ఇంట్లో ఫలానా తండ్రి మంచివాడా కాదా అని తీర్పు చెప్పడానికి కాదు. మార్క్స్ కూడా పెట్టుబడిదారుణ్ని ఒక మనిషిగా నిందించడం తన ఉద్దేశం కాదని 1867లో వచ్చిన 'క్యాపిటల్' అనే పెద్ద పుస్తకం ముందుమాటలోనే రాసుకున్నాడు. మీరు మాత్రం ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి సరాసరి నాన్నగారి మీద పెట్టారు.

సరే, సిద్ధాంతాల సంగతి చూద్దాం. వీటిని ఒకే ప్రశ్నకు వచ్చిన మూడు జవాబులుగా చదువుతున్నారు మీరు, కోచింగ్ నోట్సులన్నీ అలాగే పట్టిక గీసి ఇస్తాయి కాబట్టి తప్పు మీది కాదు. ఆ పట్టిక పక్కన పెట్టి, ఎవరు ఏ ప్రశ్న వేసుకున్నారో చూడండి.

డర్క్‌హైమ్ 1858లో పుట్టాడు. ప్రష్యా చేతిలో ఫ్రాన్స్ ఓడిపోవడం, 1871లో పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు రక్తపాతం, ఇవి జరిగేనాటికి అతను కుర్రాడు. అందుకే అతని బెంగంతా కలిపి ఉంచేది ఏమిటన్నదాని మీదే: పాత కట్టుబాట్లు సడలి, ఎవరి పని వాళ్లు చూసుకుంటున్న కాలంలో కూడా సమాజం విడిపోకుండా ఎలా ఉంటోంది? పనులు వేరైనకొద్దీ ఒకరి మీద ఒకరు ఆధారపడటం పెరుగుతుంది, ఆ ఆధారపడటమే కొత్త రకం కట్టు అని 1893లో చెప్పాడు. అక్కణ్నుంచి అమెరికాలో టాల్కాట్ పార్సన్స్ దాకా వచ్చేసరికి ఇది పెద్ద భవనమైంది. 1951 నాటికి పార్సన్స్ సమాజాన్ని మొత్తం ఒక వ్యవస్థగా గీశాడు, ప్రతి సంస్థా ఆ వ్యవస్థ అవసరం ఏదో ఒకటి తీరుస్తుందన్నాడు. మన తెలుగు పుస్తకాల్లో ప్రకార్యవాదం అంటున్నది ఇదే. (పార్సన్స్ వాక్యాలు అర్థం కాక మీరు ఏడ్చానన్నారు. సి. రైట్ మిల్స్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త 1959లో అతని పేజీలకు పేజీలు తీసుకుని కొన్ని మామూలు వాక్యాల్లోకి కుదించి చూపించాడు, కాబట్టి మీకు తోడు ఉంది.)

"పద్ధతి లేకపోతే ఇళ్లు నిలబడవు" అని నాన్నగారన్నది వింటే ఆయన డర్క్‌హైమ్ శిష్యుడిలా కనిపిస్తారు. కాని అదే 1893 పుస్తకంలో కోచింగ్ నోట్సులు దాటేసే భాగం ఒకటుంది, బలవంతపు శ్రమ విభజన గురించి. పనులు పుట్టుకను బట్టి నిర్ణయమయ్యే చోట, కులాలూ వర్గాలూ మనిషిని ఇష్టం లేని చోట కూర్చోబెట్టే చోట కట్టు ఏర్పడదు, తగువు ఏర్పడుతుందని అతనే రాశాడు. పుట్టుకతోనే ధనిక, పేద తేడా ఉన్నంతకాలం ఒప్పందాలు న్యాయంగా ఉండవని కూడా అన్నాడు. అంటే, ఉన్నదంతా ఉన్నట్టే మంచిదని చెప్పే డర్క్‌హైమ్ నోట్సులో ఉన్నాడు గాని పుస్తకంలో లేడు.

ప్రకార్యవాదం బలహీనత మీ ఇంటి విషయంలోనే బయటపడుతుంది. కట్నం ఒక అవసరం తీరుస్తోంది, కూతురికి ఆస్తి అందుతోంది, రెండు కుటుంబాలు ముడిపడుతున్నాయి, అందుకే అది ఉంది అంటే వినడానికి బానే ఉంటుంది. కాని ఇదే తెలుగునేల మీద డబ్బు ఎదురు దిక్కుగా ప్రవహించిన రోజులున్నాయి. గురజాడ 1897లో నాటకం అచ్చువేసింది విజయనగరం వైపు బ్రాహ్మణ కుటుంబాల్లో పిల్లల్ని అమ్ముకుంటున్న కన్యాశుల్కం మీద, కట్నం మీద కాదు. చాలా శ్రామిక కులాల్లో మగపెళ్లివారే ఓలి ఇచ్చుకునేవారు. కుటుంబాలు అప్పుడూ నిలబడ్డాయి. డబ్బు అటు పోయినా ఇటు పోయినా ఇళ్లు నిలబడుతున్నప్పుడు, ఇళ్లు నిలబెట్టడానికే కట్నం ఉందని ఎలా అంటాం? ప్రకార్యవాదంలోనే ఉంటూ రాబర్ట్ మెర్టన్ 1949లో ఈ లోపం పట్టుకున్నాడు. ఒక ఆచారం ఎవరికి ఉపయోగం, ఎవరికి నష్టం అని విడివిడిగా అడగమన్నాడు, అదే పని ఇంకో రకంగా జరగదా అనీ అడగమన్నాడు. మీ అక్క వాటా గురించి మాట్లాడేటప్పుడు ఆ రెండో ప్రశ్నే అవసరం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మార్క్స్ ప్రశ్న వేరు. ఎవరి చేతిలో భూమి, యంత్రం, డబ్బు ఉన్నాయి, ఎవరి శ్రమ ఫలితం ఎవరికి పోతోంది? మీ ఇంట్లో ఈ ప్రశ్న వేస్తే చాలామంది చూడని సంగతి కనిపిస్తుంది: గొడవంతా కట్నం గురించే జరుగుతోంది, మిగిలిన రెండెకరాలు తమ్ముడికి పోవడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అక్క మాటల్లో అసలు విషయం ఉంది, మీరే గమనించలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా పుట్టు హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ నుంచే ఉంది, చట్టం 1986లో చేశారు. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా కట్నమిచ్చి పంపాం కదా అని పొలంలో వాటా అడగకపోవడం, అడిగితే పుట్టింటి రాకపోకలు పోతాయని సంతకం పెట్టేయడం మనం చూస్తూనే ఉన్నాం. కట్నం ఎందుకు మాయమవట్లేదు అనే ప్రశ్నకి నా వరకు మార్క్స్ దారే ఎక్కువ దూరం తీసుకెళ్తుంది. ఇది నా స్టాండ్, మొహమాటం లేకుండా చెప్తున్నాను.

కాని ఆ దారి కూడా ఒకచోట ఆగిపోతుంది. బొంబాయి, ఠాణే మధ్య మొదటి పాసింజర్ రైలు నడిచింది 1853 ఏప్రిల్‌లో. ఆ ఏడాదే ఆగస్టులో న్యూయార్క్ పత్రికలో అచ్చయిన వ్యాసంలో, రైళ్లతో వచ్చే ఆధునిక పరిశ్రమ కులాలకు ఆధారమైన వంశపారంపర్య వృత్తుల్ని కరిగించేస్తుందని మార్క్స్ జోస్యం చెప్పాడు. వృత్తులు చాలావరకు కరిగాయి, కులం మాత్రం రైలెక్కి అమెరికా దాకా పోయింది. అక్కడి తెలుగువాళ్ల పెళ్లి సంబంధాల ప్రకటనలు చదవండి కావాలంటే. సెంటు భూమి లేని ఇళ్లల్లో, ఒకప్పుడు ఓలి తీసుకున్న కులాల్లో కూడా ఇప్పుడు అప్పు చేసి కట్నం ఎందుకిస్తున్నారో చెప్పడానికి కూడా భూమి లెక్క ఒక్కటే చాలదు.

అక్కడ వెబర్ కావాలి. డబ్బు ఒకటి, గౌరవం ఇంకొకటి, అధికారం మరొకటి, మూడూ కలిసి నడవొచ్చు, నడవకపోవచ్చు అన్నాడాయన. పరువు గల గుంపు తన చుట్టూ గీత గీసుకుంటుంది, ఎవరితో భోజనం, ఎవరితో పెళ్లి అన్నవే ఆ గీత. పై కులాల అలవాట్లు అందుకుని మెట్టు ఎక్కాలని చూడటాన్ని సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో సంస్కృతీకరణ అన్నారు. ఓలి పోయి కట్నం రావడంలో ఇది చాలా ఉంది. మీ ఇంట్లో ప్రభుత్వోద్యోగం పెళ్లికొడుకు రేటు జీతాన్ని బట్టి మాత్రమే వచ్చిందనుకోను, "అల్లుడు ఫలానా ఆఫీసర్" అని ఊళ్లో చెప్పుకోగలగడానికీ ఒక ధర ఉంది. వెబర్‌తో చిక్కేమిటంటే ఆయన చేతిలో కారణాలు మరీ ఎక్కువ. జరిగాక అన్నీ వివరించొచ్చు, జరగకముందు ఏది పైచేయి అవుతుందో చెప్పడం కష్టం.

మీ స్నేహితుడి దగ్గరికొస్తాను. మూడు సిద్ధాంతాల్లో ఏదో ఒక శిబిరంలో చేరకపోతే పిరికితనం అంటున్నాడు. అంబేడ్కర్‌ని ఏ శిబిరంలో పెడతాడో అడగండి. 1916లో కొలంబియా యూనివర్సిటీ సెమినార్‌లో చదివిన వ్యాసంలో, కులానికి ప్రాణం కులంలోపలి పెళ్లే అన్నాడు. అంటే ఈ వ్యవస్థ ఏ మెకానిజంతో తనను తాను నిలబెట్టుకుంటోంది అని అడిగాడు, అది డర్క్‌హైమ్ వేసే తరహా ప్రశ్న. 1936లో, కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అన్నాడు. అది పక్కా సంఘర్షణ జవాబు, అంటే మార్క్స్ తరహాది. ఇక మెట్ల వరస అసమానత గురించి చెప్పింది ఆ ఇద్దరి దగ్గరా లేదు: ప్రతి మెట్టు మీదున్నవాడికీ కింద ఇంకొకడు ఉంటాడు కాబట్టి పైవాడి మీద అందరూ ఏకం కారు. ఆయన్ని మధ్యలో నిలబడ్డాడని ఎవరూ అనలేరు కదా.

పరీక్షలో మీకు మార్కులు పోతున్నది ఇక్కడే అనుకుంటున్నా. "అన్ని సిద్ధాంతాల్లోనూ కొంత నిజముంది" అని ముగిస్తున్నారు. అది నిజమే, కాని ఏ పేపర్ చివరైనా అతికించగలిగే వాక్యం. ఈ ప్రశ్నకి ఈ సిద్ధాంతం మిగతావాటికన్నా ఎక్కువ వివరిస్తోంది, ఇక్కడికొచ్చి చతికిలపడుతోంది అని రాయండి, అదే స్టాండ్. ఒక ఉదాహరణ తీసుకుని దాని మీదే మూడింటినీ నడిపిస్తే పార్సన్స్ నాలుగు అవసరాల బొమ్మ గీయడం కన్నా మేలు.

నేనైతే తెలంగాణ వెట్టి తీసుకుంటాను. ఉత్తరప్రదేశ్‌లో ఒక ఊరు చూసిన వైజర్ 1936లో జజ్మానీ వ్యవస్థను ఒకరికొకరు సేవలిచ్చిపుచ్చుకునే ఏర్పాటుగా వర్ణించాడు. కుమ్మరి కుండలిస్తాడు, చాకలి బట్టలుతుకుతాడు, రైతు ధాన్యం కొలుస్తాడు, అందరూ అందరికీ. ఆ కళ్లతోనే నైజాం పల్లెను చూస్తే అక్కడా కుమ్మరి, చాకలి, మంగలి అందరూ ఉన్నారు, దొర గడీకి చేస్తున్నారు. కొలిచేది మాత్రం లేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు చనిపోయాక ఊరూరా సంఘాలు వెట్టి ఆపేయించాయి. వెట్టి ఆగిపోతే ఊళ్లు కూలిపోలేదు, గడీలు ఖాళీ అయ్యాయి. మెర్టన్ అడగమన్న "ఎవరికి ఉపయోగం" అనే ప్రశ్నకి ఇంతకన్నా సూటి జవాబు దొరకదు. కాబట్టి ఇక్కడ సంఘర్షణ సిద్ధాంతానిదే గెలుపు అని రాయండి. రాసి ఆగకండి. అన్ని తరాలు ఎందుకు భరించారు? భయమొక్కటే కారణమా, లేక అది ధర్మమని నమ్మడం కూడానా? తెలంగాణ సాయుధ పోరాటం ఆగిన 1951 తర్వాత వెట్టి పోయినా కులంలోపలి పెళ్లి ఎందుకు పోలేదు? మొదటి ప్రశ్నకు వెబర్, రెండోదానికి అంబేడ్కర్ వస్తారు. ఇంకో సంగతి: అదే 1950ల మొదట్లో ఉస్మానియాకు చెందిన ఎస్.సి. దూబే హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో పుస్తకం వేశారు. నల్గొండ, వరంగల్ మండిపోయి చల్లారిన రోజులవి. ఆ పుస్తకం తెరిచి పోరాటం నీడ ఎంత పడిందో మీరే వెతకండి, పేపర్ టూలో పనికొస్తుంది. ఏ చూపుతో వెళ్తే ఏది కనిపిస్తుందో కూడా తెలుస్తుంది.

ఇక ఇల్లు. నాకు కనిపిస్తున్న దారులు చెప్తాను, ఎంచుకోవాల్సింది మీరు.

పెళ్లయ్యేదాకా ఊరుకోవచ్చు. చదువు సాగుతుంది, అక్క పెళ్లి సజావుగా జరుగుతుంది. కాని ఎకరం నగదుగా మారి అత్తారింటికి వెళ్లాక అది అక్కది అనేది మాటవరసకే మిగులుతుంది, చాలా ఇళ్లల్లో ఆ డబ్బు ఆడపడుచు పెళ్లికో ఫ్లాటు అడ్వాన్సుకో పోతుంది. పైగా రేపు మీ వంతు వచ్చినప్పుడు "అక్కకిచ్చినప్పుడు నోరు మెదపలేదుగా" అంటారు.

రెండోది గట్టిగా ఎదురు తిరగడం, పెళ్లికి రానని చెప్పడం, కేసు పెడతాననడం. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం కూడా నేరమే, తీసుకోవడమొక్కటే కాదు, కాబట్టి ఫిర్యాదంటూ ఇస్తే అది నాన్నగారి మెడకూ చుట్టుకోవచ్చు. అక్క ఒప్పుకోకుండా ఈ దారి పడితే ఆవిడ జీవితం మీద నిర్ణయం మీరు తీసుకున్నట్టవుతుంది, నాన్నగారు చేస్తున్నదీ అదేనని మీ ఆరోపణ కదా. మగపెళ్లివారు బెదిరిస్తున్నా, రోజురోజుకీ డిమాండ్ పెంచుతున్నా మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు చట్టమే దిక్కు, వెనకాడొద్దు. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

మూడోది, నాకు నచ్చినది, అక్కతో మొదలుపెట్టడం. ఆవిడకి కావాల్సింది కట్నం కాదు, వాటా. అదే పని ఇంకో రకంగా జరగదా అని మెర్టన్ అడగమన్నది ఇదే. పొలం అమ్మకుండా అక్క వాటా అక్క పేరు మీదే రిజిస్టర్ చేయించొచ్చు, కౌలు డబ్బు ఆవిడ చేతికొస్తుంది, పసుపు కుంకుమ కింద ఆడపిల్లకి చెక్క రాసివ్వడం మీ వైపు కొత్తేమీ కాదు కాబట్టి నాన్నగారికి చెప్పుకోవడానికి పరువైన మాటా ఉంటుంది. మీ వాటా సంగతీ, తమ్ముడి సంగతీ కూడా అప్పుడే తేల్చుకోండి. పొలం తాతల నాటిదా, నాన్నగారు కొన్నదా అన్నదాన్ని బట్టి మీ హక్కులు మారతాయి, సొంతంగా కొన్నదైతే ఆయన ఇష్టం వచ్చినవాళ్లకి రాయొచ్చు. కాగితాలు పట్టుకుని ఒక లాయర్‌ని కలవండి. మగపెళ్లివారు అడిగితే రాసిచ్చిన పొలం కూడా చట్టం కళ్లలో కట్నమే, అదీ అడగండి. ఈ దారికీ ఖర్చుంది. చేతికి నగదు రాదని తెలిస్తే సంబంధం వెనక్కి పోవచ్చు. ఆ రిస్కు తీసుకుంటుందో లేదో అక్క చెప్పాలి. ఆవిడ వద్దంటే మీరు ఒప్పించడానికి ఒకసారి ప్రయత్నించి ఆగిపోండి.

నాన్నగారితో మాటలు కలపడం ఇవన్నీ తేలేదాకా వాయిదా వేయకండి. "దోపిడీ" అన్నమాట వెనక్కి తీసుకోవాల్సిన పని లేదు, ఆయన్ని దోపిడీదారన్నట్టు వినిపించింది కాబట్టి అది ఆయన గురించి కాదని చెప్పండి చాలు. తర్వాత ఏం జరుగుతుందని భయపడుతున్నారో అడగండి. అక్కకి మళ్లీ సంబంధం రాదనా, ఊళ్లో మాట పడతామనా, వడ్డీకి తెచ్చిన అప్పేదైనా ఉందా? వెబర్ చదివాక కూడా మనిషి ఏమనుకుని ఆ పని చేస్తున్నాడో అడక్కుండా నిర్ధారణకి వస్తే ఆ చదువు దండగ. ఆయన చెప్పేది విన్నాక కూడా మీకు కట్నం తప్పనే అనిపించొచ్చు, అనిపిస్తే చెప్పండి. మీ పెళ్లికి పైసా ఇవ్వనివ్వనని కూడా అప్పుడే చెప్పేయండి, ఆ నిర్ణయం తీసుకునే హక్కు పూర్తిగా మీది.

తాంబూలాలకి నెల ఉందన్నారు. ఎకరానికి బయానా తీసుకుంటే వెనక్కి రావడం కష్టం కాబట్టి అక్కకి ఈ రాత్రే ఫోన్ చేయండి.